వెనక వచ్చే బండి

"చచ్చేవాడు ఇండికేటర్ వేసి మరీ చస్తాడా?"

జిడ్డక్క ఆ మాట అన్న తీరుకి ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. అప్పటికే ఆమె ఆ గోడ వారన అటూ ఇటూ తిరిగి, వంగి, మట్టి వేళ్ళతో రుద్ది చూసి, చివరికి నిన్న శవం దొరికిన చోటే చతికిలబడి కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు.

జిడ్డక్క అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు లెండి. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పట్టిన కేసు వదిలేది కాదని పైవాళ్ళు విసుక్కుంటూ తగిలించిన పేరు. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా ఆ పేరు ఆమెని వదల్లేదు. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. ప్రేమగా ఉన్నప్పుడు 'అక్కా' అంటాడు, కోపం వస్తే 'మేడమ్' అంటాడు.

"చూడండి మేడమ్, మనిషి గుండె జబ్బువాడు. ఛాతీలో మెషిన్ ఉంది. అలాంటివాడు ఇంటిపట్టున పడుండాలి గానీ మోటార్ సైకిల్ ఎక్కుతాడా? ఎక్కాడు, గుండె ఆగింది, పోయాడు. పోస్టుమార్టం కూడా అయిపోయింది. ఇందులో మీరు పీకి పందిరెయ్యడానికి ఏముంది?"

"బండి ఎక్కి పడిపోలేదు కదా. బండి ఆపి పోయాడు."

బండి ఇంకా నిన్నటి చోటే ఉంది. రోడ్డుకి ఎడమ అంచున, సైడ్ స్టాండ్ మీద, న్యూట్రల్‌లో. ఇండికేటర్ మీట ఎడమకి నొక్కి ఉంది. మెరిసీ మెరిసీ బ్యాటరీ అయిపోయి ఎప్పుడో ఆరిపోయింది. హెల్మెట్ కుడివైపు అద్దానికి తగిలించి ఉంది. ప్రాణం మీదికి వచ్చినవాడు ఇంత పద్ధతిగా ఎలా చేశాడా అని ఎవరికైనా అనిపిస్తుంది. మాస్టారి సంగతి తెలిసినవాళ్ళకి మాత్రం ఆశ్చర్యం కలగదు.

పోయినాయన డ్రైవింగ్ మాస్టారు. గుండె ఉన్నట్టుండి గతి తప్పి కొట్టుకునే జబ్బు. యేడాది కిందట ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె అంత మెషిన్ పెట్టారు. గుండె గతి తప్పితే అది షాకిచ్చి దారిలో పెడుతుంది. ఆ తర్వాత ఆర్నెల్ల పాటు ఆయన బండి ముట్టుకోలేదు. పెద్ద డాక్టరు సరేనన్నాకే ఎక్కాడు. ఎక్కి ఊరుకోకుండా తనలాంటి గుండె రోగులందరినీ పోగేసి క్లాసు పెట్టాడు. మాత్ర వేసుకోని రోజు బండి తియ్యకూడదు. తాళం తిప్పేముందు మెడ మీద వేళ్ళు పెట్టి నాడి చూసుకోవాలి. కళ్ళు ఏ కాస్త మసకేసినా ఎడమకి తీసి ఆపెయ్యాలి, ఇంకాస్త దూరమేగా అనుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒంటరిగా పోకూడదు. వెనక తోడు బండి ఉండాలి. ముందువాడు ఆపి హెల్మెట్ అద్దానికి తగిలించాడంటే, నాకు బాగాలేదు, తొందరగా రా అని వెనకవాడికి గుర్తు.

"ఆ వెనక రావాల్సిన బండి ఎవరిది?" అని అడిగింది జిడ్డక్క, లేచి చీర దులుపుకుంటూ.

"మెషిన్ తమ్ముడిది."

ఆస్పత్రిలో ఈ గుండె మెషిన్లు పరీక్షించే టెక్నీషియన్‌ని రోగులందరూ మెషిన్ తమ్ముడనే పిలుస్తారు. మాస్టారి ఇంట్లో మనిషిలా తిరిగేవాడు.

"దార్లో టైరు పంక్చరై వెనకబడ్డాడట," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మాస్టారు ఇక్కడ ఆగి ఫోన్ చేస్తే, వస్తున్నా, కదలకుండా కూర్చో, జాకెట్ మాత్రం విప్పకు, చలిగాలి తగుల్తుంది అని చెప్పాడట. వచ్చేసరికి అంతా అయిపోయింది. పాపం, నిన్నంతా స్టేషన్లో కూర్చుని ఏడుస్తూనే ఉన్నాడు."

"జాకెట్ విప్పకు అన్నాడా?"

"అంటే?"

"ఊపిరాడనివాడికి ఎవరైనా గుండీలు వదులు చెయ్యమంటారు."

"అబ్బబ్బబ్బ! మనిషి ప్రేమతో ఒక మాటన్నా మీకు అనుమానమేనా?"

జిడ్డక్క అటు తిరిగింది. గోడ వెనకున్న లేత్ షెడ్డు యజమాని గుమ్మంలోంచి తొంగి చూస్తుంటే చెయ్యి ఊపి పిలిచింది. శవాన్ని మొదట చూసింది అతనే.

"షట్టరెత్తి బయటికొస్తే కూర్చునున్నాడండీ. నిద్రపోతున్నాడేమో అనుకుని పలకరించాను కూడా. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి."

"ఎటు చూస్తున్నట్టున్నాడు?"

"వచ్చిన దారివైపే. ఎవరికోసమో చూస్తున్నట్టు."

జిడ్డక్క ఆ దారివైపు చూసింది. అన్ని రూల్సూ పాటించి, గోడకి ఆనుకుని, వెనక బండి వస్తుందని నమ్మకంగా దారి చూస్తూ పోయాడన్నమాట.

"ఈ గోడ పక్కన నల్లగా ఉందేంటి?"

"ఇనప రజనండి. లేత్ మీద పని చేశాక ఊడ్చి ఇక్కడే పోస్తాం."

ఇన్‌స్పెక్టర్ చేతిలో ప్లాస్టిక్ సంచీ ఉంది. మాస్టారి బట్టలు, ఇంటివాళ్ళకి అప్పజెప్పాలి. జిడ్డక్క దాన్ని లాక్కుని వెలుతురుకి ఎత్తి చూసింది. ప్యాంటుకి అక్కడక్కడా రజను అంటింది, సంచీ కుదిపితే రాలిపోయింది. జాకెట్ ఎడమ ఛాతీ మీద మాత్రం రజను గడ్డంలా గుబురుగా నిలబడింది. ఎంత కుదిపినా రాలలేదు.

"ఇది చూశావా?"

"మురికి. ఉతికితే పోతుంది." ఇన్‌స్పెక్టర్ విసుగ్గా జేబులోంచి మాత్రల పట్టీ తీసి, ఒకటి చిదిపి, సగానికి విరిచి, నీళ్ళు లేకుండానే మింగాడు. "తలనొప్పి," అన్నాడు ఆమె అడక్కముందే.

జిడ్డక్క చూపు మాత్ర మీద లేదు, అతని ఎడమ చేతి మీద ఉంది. పొద్దుట్నుంచీ గమనిస్తోంది, ఆ చెయ్యి భుజం పైకి లేవడం లేదు. ఇందాక చెట్టుకొమ్మ అడ్డొస్తే కూడా ఒళ్ళంతా తిప్పి కుడిచేత్తో తప్పించాడు.

"ఎప్పుడు పెట్టించుకున్నావు?" అంది మెల్లిగా.

"ఏంటి?"

"నా దగ్గర దాచకురా. నీకూ మెషిన్ పెట్టారు."

అతని మొహం పాలిపోయింది. లేత్ షెడ్డువాడు లోపలికి పోయేదాకా ఆగి, పళ్ళ బిగువున అన్నాడు. "రెండు నెలలైంది. సెలవు పెట్టి చేయించుకున్నా. స్టేషన్లో తెలిస్తే కుర్చీకి కట్టేసి కాగితాలు రాయిస్తారు. ఈ మాట బయటికొచ్చిందో, నీ ఆఫీసు లైసెన్సు పీకిస్తా."

"పీకించు. ఆర్నెల్లు కాకుండా బండెందుకు ఎక్కావు? మాస్టారి క్లాసుకి పోయుంటే చెవి మెలేసి చెప్పేవాడు."

"పోయాను." అన్నాడు. "దొంగతనంగా పోయేవాణ్ణి. ఆయన చెప్పాడు, ఆర్నెల్లు ఆగమని. తొందరేం లేదు, బండి ఎక్కడికీ పోదు అన్నాడు. నేనే వినలేదు. ఇప్పుడు చెప్పక్కా, అన్నీ పాటించిన మనిషే అలా గోడకి చేరగిలబడి పోతే నాలాంటివాడికి దిక్కేంటి? ఆయన ఎక్కడో ఒకచోట తప్పు చేసే ఉంటాడు. చేసుండాలి."

అదన్నమాట అసలు సంగతి. కేసు మూసెయ్యాలన్న ఆ తొందర వెనకున్నది పొగరు కాదు, భయం. జిడ్డక్కకి అంతవరకూ ఉన్న కోపం చల్లారింది. కానీ కేసు కేసే.

"ఇప్పుడెక్కడికి?"

"ఆస్పత్రికి. మాస్టారు పోయిన వారం నాతో ఒక మాటన్నాడు, నీ మెషిన్ బ్యాటరీ ఒకసారి పెద్ద డాక్టరుకే చూపించుకో అని. ఎందుకో చెప్పలేదు. ఇవాళ చూపించేస్తా. మెషిన్ తమ్ముడు నా వెనకాలే వస్తానన్నాడు, మలుపు దగ్గర ఉంటాడు."

బండి మీద పెట్టిన జాకెట్ తీసుకుని వేసుకున్నాడు. కొత్తది, ఇంకా మడతల గుర్తులు పోలేదు. మాత్రల పట్టీ ఛాతీ జేబులో పడేస్తే జేబు మూత దానంతటదే టప్పున మూసుకుంది. జిప్పు పైకి లాగాడో లేదో ఎక్కడో సన్నగా కీ... కీ... మని మోత వినిపించింది.

"ఏంటది?"

"ఫోనేమో," అని తడుముకుంటూ బండి స్టార్ట్ చేశాడు. "బట్టలు వాళ్ళింట్లో ఇచ్చెయ్. ఇంకేం తవ్వకు, దణ్ణం పెడతా."

ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయాడు. జిడ్డక్క తన స్కూటర్ ఎక్కింది.

మాస్టారి భార్య టైలరమ్మ. ఇంటి ముందు గదిలోనే కుట్టు మెషిన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. శవం ఇంకా ఆస్పత్రి నుంచి రాలేదు. ఆమె కుట్టు మెషిన్ ముందు స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపిస్తూనే ఉంది. "నువ్వే చంపావే నా కొడుకుని! బండెక్కనిచ్చి చంపావు!"

"నిన్నట్నుంచీ అదే మాట," అంది టైలరమ్మ. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పూడుకుపోయింది. "అందుకే మిమ్మల్ని పిలిచానక్కా. ఆయన అజాగ్రత్తగా పోలేదని మీరొక్కరు తేల్చి చెప్తే చాలు. నేను వద్దనుంటే బతికేవాడా? ఆ ఒక్క మాట నాకు తెలియాలి. లేకపోతే ఈ ఇంట్లో నేను ఊపిరి తీసుకోలేను."

"అజాగ్రత్త ఏమీ లేదు. ఆయన పద్ధతిగానే ఆపాడు." జిడ్డక్క సంచీలోంచి జాకెట్ తీసి కుట్టు మెషిన్ మీద పరిచింది. "ఇది నువ్వు కుట్టిందేనా?"

"నేనే. పది రోజులైంది."

జిడ్డక్క ఎడమ ఛాతీ జేబు మూత ఎత్తి వదిలింది. టప్. మళ్ళీ ఎత్తి వదిలింది. టప్. కుట్టు మెషిన్ పక్కనున్న గుండుసూదుల డబ్బా దగ్గరికి జరిపితే సూదులన్నీ ఎగిరొచ్చి జేబుకి అతుక్కున్నాయి.

"అయస్కాంతాలా?"

"అవునక్కా. చేతికి గ్లవ్స్ ఉంటే జిప్పు పట్టుకు రాదు కదా. కళ్ళు తిరిగినప్పుడు మాత్ర తొందరగా తీసుకోవాలని అలా పెట్టాను. జేబు లోపల అస్తరులో రెండు అయస్కాంతం బిళ్ళలు..." ఆమె ఆగిపోయింది. జిడ్డక్క మొహంలో ఏం కనిపించిందో గానీ స్టూలు మీంచి లేచి నిలబడింది. "ఏంటక్కా? ఎందుకలా చూస్తున్నారు?"

జిడ్డక్క వెంటనే పోస్టుమార్టం డాక్టరుకి ఫోన్ చేసింది. ఇద్దరిదీ పాత స్నేహం. సుత్తి లేకుండా అడిగింది, ఈ గుండె మెషిన్ మీద గట్టి అయస్కాంతం పెడితే ఏమవుతుందని.

"నిద్రపోతుంది," అన్నాడు డాక్టరు. "గుండె గతి తప్పినా షాకివ్వదు. అయస్కాంతం తీసేస్తే మళ్ళీ లేస్తుంది. కొన్ని మెషిన్లు అయస్కాంతం తగలగానే కీకీమని అరుస్తాయి కూడా. ఏం, ఎందుకు?"

"తర్వాత చెప్తా," అని పెట్టేసింది. ఫోన్ స్పీకర్ గట్టిది. టైలరమ్మ అంతా వినేసింది.

ఆమె ఏడవలేదు. జాకెట్ మీద చెయ్యి వేసి, తను వేసిన కుట్టుని వేలితో తడిమింది. "అయితే అత్త చెప్పింది నిజమే. నేనే చంపాను."

"ఆగు. ముందు నేనడిగినదానికి చెప్పు. ఈ మెషిన్ ఉన్నవాళ్ళు అయస్కాంతాలకి దూరంగా ఉండాలని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు. పెద్ద స్పీకర్ల దగ్గరికి పోవద్దన్నారు. అందుకే అడిగాను కూడా! బిళ్ళలు చేతికిచ్చినప్పుడే అడిగాను. ఇంత చిన్నవి ఏం చేస్తాయక్కా, నేను రోజూ చూసే మెషిన్లే కదా అన్నాడు."

"ఎవరు?"

"మెషిన్ తమ్ముడు. ఆ బిళ్ళలు తెచ్చిచ్చింది తనే. జేబు ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో గీసి చూపించింది కూడా తనే."

జిడ్డక్క జేబు మూత ఇంకోసారి ఎత్తి చూసింది. "వేసుకున్నప్పుడు కీకీమని మోత వచ్చేదా?"

"వచ్చేది. ఆయన భయపడి తమ్ముణ్ణే అడిగాడు. బ్యాటరీ తగ్గింది, దాని చప్పుడే, ఏం పర్లేదు అన్నాడు. నిజంగానే బ్యాటరీ తగ్గిందక్కా. పోయిన నెల వేరే ఊళ్ళో పరీక్ష చేయిస్తే అయిపోవస్తోంది అన్నారు. యేళ్ళ తరబడి రావాల్సింది యేడాదికే ఎలా అయిపోతుందని ఆయన కోప్పడ్డాడు. ఈ నెలాఖరుకి పెద్ద డాక్టరుని నిలదీస్తానన్నాడు."

"మాత్రలు?"

"తమ్ముడు సగమే వేసుకోమన్నాడు. మెషిన్ ఉంది కదా, నిండు మాత్ర అక్కర్లేదన్నాడు. డాక్టరు మాటేనన్నాడు."

సగం మాత్ర. ఇక జిడ్డక్కకి తెలియాల్సిందేమీ మిగల్లేదు. బ్యాటరీ యేడాదికే అయిపోయిందంటే, ఆ మెషిన్ అంతకుముందే ఇంకొకరి ఒంట్లో యేళ్ళ తరబడి పని చేసిందన్నమాట. చచ్చినవాళ్ళ ఒంట్లోంచి తీసిన మెషిన్లు కడిగి, కొత్త డబ్బాలో పెట్టి అందిస్తున్నాడు మెషిన్ తమ్ముడు. మాస్టారు నిలదీస్తే బండారం బయటపడుతుంది. అందుకే గుండె గతి తప్పేలా మాత్ర సగం చేయించాడు, అది తప్పినప్పుడు మెషిన్ లేవకుండా అయస్కాంతం పెట్టించాడు. పెళ్ళాం చేత్తోనే పెట్టించాడు దుర్మార్గుడు! పైగా, జాకెట్ విప్పకు, చలిగాలి తగుల్తుంది అన్నాడు.

"ఇటు చూడు," అని టైలరమ్మ భుజాలు పట్టుకుంది. "నువ్వు అడగాల్సినవాణ్ణే అడిగావు. ఆయనా అడగాల్సినవాణ్ణే అడిగాడు. మీ తప్పేం లేదు. నమ్మించి గొంతు కోసింది వాడు. విన్నావా?"

టైలరమ్మ వింది. నమ్మిందో లేదో మాత్రం తెలియలేదు. ఆమె చూపు గోడకున్న ఖాళీ కొక్కెం మీద నిలిచిపోయింది.

"అక్కా... నేను రెండు కుట్టాను."

"ఏంటి?"

"రెండు జాకెట్లు కుట్టాను. ఒకటి ఆయనకి, ఒకటి తమ్ముడి స్నేహితుడికి. అదే జేబు, అవే బిళ్ళలు. వెడల్పాటి భుజాలు, పోలీసాయన కొలతలన్నాడు. రాత్రి పలకరించడానికొచ్చి ఆ కొక్కేనికున్నదాన్ని పట్టుకెళ్ళాడు."

టప్పున మూసుకున్న జేబు, విరిచిన మాత్ర, కీకీమన్న మోత అన్నీ జిడ్డక్కకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇన్‌స్పెక్టర్ ఒంట్లో ఉన్నదీ అలాంటి పాత మెషినే, పెద్ద డాక్టరు చూస్తే ఇట్టే బయటపడుతుంది. తన కళ్ళ ముందే వేసుకున్నాడు! ఏంటది అని కూడా అడిగింది. ఫోనేమో అంటే ఊరుకుంది. ఇన్నేళ్ళ జిడ్డుతనం ఎందుకు తగలెయ్యడానికి?

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. మళ్ళీ చేసింది. ఈసారి ఎత్తారు.

"నమస్తే అక్కా." ఇన్‌స్పెక్టర్ గొంతు కాదది. మెత్తగా, మర్యాదగా ఉంది. "నేను మెషిన్ తమ్ముణ్ణి. సార్‌కి కాస్త కళ్ళు తిరిగాయి. బండి పక్కకి తీసి కూర్చోబెట్టా. కంగారేం లేదు, నేనున్నాగా. జాకెట్ విప్పుతానంటుంటే వద్దన్నా, చలిగాలి కదా."

జిడ్డక్క నోరు తెరిచేలోపే చేతిలోంచి ఫోన్ ఎగిరిపోయింది. టైలరమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, నిన్నట్నుంచీ పూడుకుపోయిన గొంతుతో, వీధి వీధంతా వినపడేలా అరిచింది.

"సార్! జాకెట్ విప్పెయ్యండి! ఆ జేబు నేనే కుట్టాను! దాంట్లో అయస్కాంతాలున్నాయి, మీ మెషిన్ పడుకుంది! మా ఆయన్ని చంపింది అదే! విప్పెయ్యండి సార్, నేనే కుట్టాను!"

లోపలి గదిలో అత్తగారి ఏడుపు టక్కున ఆగిపోయింది.

ఫోన్లో పెనుగులాట వినిపించింది. ఎవరో రొప్పుతున్నారు. బట్ట చిరిగిన చప్పుడైంది. ఆ వెంటనే, "వదలరా..." అని ఇన్‌స్పెక్టర్ గొంతు, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వినిపించింది. ఏదో దబ్బున నేల మీద పడింది. పడింది జాకెట్టో, మనిషో తెలియలేదు. ఫోన్ కట్టయింది.

జిడ్డక్క అప్పటికే స్కూటర్ తాళం తీసుకుని గుమ్మం దాటింది. మలుపు దాటాక ఆస్పత్రి దారిలోనే ఎక్కడో ఉంటారు వాళ్ళు. వెనక సీటు మీద బరువు పడితే తిరిగి చూసింది. టైలరమ్మ ఒక చేత్తో కత్తెర, ఒక చేత్తో మొగుడి జాకెట్ పట్టుకుని ఎక్కి కూర్చుంది.

"పోనివ్వండక్కా," అంది. "ఈసారి వెనకాల నేనున్నాను."